బేత్లెహేము బావి నీళ్లు, మన కాలువ నీళ్లు

ధ్యాన భాగము: 2 సమూయేలు 23:13–17



ఈ నెల మనము ధ్యానింపబోవు భాగము అయిదు వచనములు మాత్రమే. అయినను మన పొలములలో కాలువ పారుచున్నంత కాలము ఈ అయిదు వచనములు మనలను విడువవు.

అది కోతకాలము. దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు. అతని సొంత ఊరగు బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు దిగియున్నది. ఎండవేళ దావీదునకు ఊరి గవిని దగ్గరనున్న బావి తలంపునకు వచ్చెను. ఆ నీళ్లు ఎవరైన తెచ్చి యిచ్చిన ఎంత బాగుండునని నిట్టూర్చెను. అది రాజాజ్ఞ కాదు. ఊరు విడిచిన మనుష్యుని బెంగ. ఆ మాట విని ముగ్గురు వీరులు శత్రువుల దండు నడుమనుండి చొచ్చుకొని పోయి, ఆ బావి నీళ్లు చేది తెచ్చిరి. దావీదు ఆ నీళ్లు త్రాగలేదు. ప్రాణములకు తెగించి పోయినవారి రక్తమును నేనెట్లు త్రాగుదునని తలంచి, వాటిని నేలమీద ప్రభువునకు పానార్పణముగా పోసెను.

దాహము తీర్చు నీటిలో ఇతరులు చెల్లించిన వెలను చూడగలిగిన కన్ను దావీదునకుండెను. అట్టి కన్ను మనకున్నదా యని ఈ వాక్యము నేడు మనలను అడుగుచున్నది.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల సంఘస్థులారా, మన పొలములకు వచ్చు నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో మనకు తెలియును. శ్రీశైలము జలాశయములో కృష్ణ నిండినప్పుడు పోతిరెడ్డిపాడు తూముల ద్వారా నీరు బయలుదేరి బనకచెర్లకు చేరుచున్నది. అక్కడనుండి కొంత శ్రీశైలము కుడికాలువకును, కొంత కె.సి. కాలువకును, కొంత వెలుగోడు మీదుగా తెలుగు గంగకును పోవుచున్నది. తెలుగు గంగ మన ఆళ్లగడ్డ సీమను దాటి, సోమశిల, కండలేరు జలాశయముల మీదుగా చెన్నపట్టణపు దాహము తీర్చుటకు సాగిపోవుచున్నది. మనము వండుకొను నంద్యాల సోనా బియ్యములోను, మన మందిరములో వెలుగు దీపములోను ఆ జలాశయపు పాలున్నది. ఇది దేవుని దయ. దీనికొరకు మనము ప్రతి పంటకాలమున కృతజ్ఞతార్పణ తెచ్చుచున్నాము. తేవలసినదే.

అయితే ఆ నీటి అడుగున ఊళ్లున్నవి.

1963 జులైలో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారు శ్రీశైలము ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. పని సాగి సాగి 1981 నాటికి జలాశయము నింపుటకు సిద్ధమాయెను. 885 అడుగుల మట్టము వరకు నీరు నిలుపవలెనన్న, కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో కృష్ణా తుంగభద్రల ఒడ్డుననున్న నూరు గ్రామముల దరిదాపున మునుగవలెను. లక్షకు పైగా ప్రజలు లేచిపోవలెను. అనేకులు లేవలేదు, ఎక్కడికి లేచిపోవుదురు? 1981 జూన్ నెలలో ఇండ్లు పడగొట్టు పని ఆరంభమాయెను. వానలు దగ్గరపడిన దినములలో దూలములు, వాసాలు బండ్లకెత్తుకొని, పిల్లలను, గొడ్లను తోలుకొని జనులు మెరకకు నడిచిరి.

గడచిన వేసవిలో మేము కొందరము కలిసి సంగమేశ్వరము వైపు వెళ్లితిమి. జలాశయములో నీరు తగ్గినప్పుడు అక్కడి ప్రాచీన దేవాలయము బయటపడుననియు, దానిని చూచుటకు జనులు వచ్చుదురనియు మీలో అనేకులకు తెలియును. మేము వెళ్లినది మరియొక దానిని చూచుటకు. నీరు తీసిన రేగడి మట్టిలో పగుళ్లు బారిన నేలమీద పాత ఊళ్ల పునాదులు వరుసగా కనబడును. మాతోకూడ వచ్చిన ఒక వృద్ధురాలు, మన సంఘ సభ్యురాలు, కొంతసేపు అటు ఇటు తిరిగి ఒక బండరాతి దగ్గర నిలిచెను. "ఈడనే అయ్యగారూ మా ఇల్లు ఉండె. ఇదే మా కడప" అని, వంగి, చీర చెరగుతో ఆ రాతి మీది బురదను తుడిచెను. నలువది సంవత్సరములకు పైగా నీటి క్రిందనున్న గడప అది. ఎవరును మాట్లాడలేదు. తరువాత ఆమె చేయి చాపి, "ఆ దిబ్బ కాడ మన గుడి. గంట కొడితే ఏటి అవతలికి ఇనపడ్తుండె" అని చెప్పెను.

తిరిగి వచ్చునప్పుడు మాకు దావీదు మాట జ్ఞాపకము వచ్చెను. ఈ నీళ్లు ఎవరి వెల? ఈ సంగతిలో దేవుని వాక్యము మనకు నేర్పు మూడు పాఠములను ఇప్పుడు ధ్యానింతము.

మొదటిది: వెల కట్టుట వేరు, న్యాయము చేయుట వేరు.

1 రాజులు 21వ అధ్యాయములో నాబోతు సంగతి చదువుచున్నాము. అహాబు మొదటనే దొంగవలె వచ్చెనని మనము తలంతుము. కాదు. అంతకంటె మంచి తోట నిత్తుననియు, కాదన్న రొక్కమిత్తుననియు అతడు చెప్పెను. ఇప్పటి మాటలో చెప్పవలెనన్న నష్టపరిహారము ఇయ్యజూపెను. నాబోతు మాత్రము అది తన పితరుల స్వాస్థ్యమని చెప్పి ఒప్పుకొనలేదు. అతని దృష్టిలో తోట ధర గల వస్తువు కాదు. తాతలకును మనుమలకును మధ్యనున్న త్రాడు.

ఆనకట్టలు కట్టినవారందరు అహాబులని మేము చెప్పుటలేదు. కరవు సీమకు నీరు కావలెను. మన తాతలు గంజి కేంద్రముల యొద్ద వరుసలలో నిలిచిన సంగతి మనము మరువలేదు. అయితే శ్రీశైలము కొరకు భూములు తీసికొనిన దినములలో అమలులోనుండినది 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టము. అది పట్టాగల యజమానికి వెల కట్టునేగాని, పట్టాలేని మనుష్యుని అంతగా ఎరుగదు. కూలి చేసికొనువాడు, కౌలుకు దున్నినవాడు, చేపలు పట్టినవాడు, చెప్పులు కుట్టినవాడు, కుండలు చేసినవాడు — ఊరు మునిగినప్పుడు వీరి బ్రదుకు మునిగెను. కాగితము మీద మాత్రము వీరికి మునిగినదేమియు లేదు. మన పల్లె సంఘములలో అధికులు ఎట్టివారో ఆలోచించుడి. మన జనులే అట్టివారు. సెంటు భూమి లేక, గుడిసెయు గుడియు మాత్రమే తమవని చెప్పుకొనగలిగినవారు.

ఆ కాలమందే మునుగబోవు ప్రాచీన దేవాలయములు కొన్నిటిని రాయి రాయి విప్పి మెరకకు తరలించిరి. కూడవెల్లి సంగమేశ్వరాలయము ఆలంపురములో తిరిగి కట్టబడెను. అది మంచి పని. పూర్వుల శిల్పమును కాపాడుటను మనము తప్పుపట్టము. రాళ్లను ఇంత జాగ్రత్తగా ఎత్తి మరల నిలుపవచ్చునని ఆ పని మనకు చూపెను. ఒక ఊరిని, దాని బంధుత్వములను, దాని పనిపాటలను అంత జాగ్రత్తగా ఎత్తి మరల నిలిపినవారు మాత్రము లేకపోయిరి. 1986లో ప్రభుత్వము 98వ నంబరు ఉత్తరువు వెలువరించి, నిర్వాసిత కుటుంబమునకు ఒక ఉద్యోగము చొప్పున ఇచ్చుటకు మార్గము చూపెను. కొందరికి దొరికెను. అనేకులు కాగితములు చేతబట్టుకొని తలుపు తలుపు తిరుగుచు ముసలివారైరి.

రెండవది: వరదలో మునిగినవాడు పాపియని చెప్పకుడి.

2009వ సంవత్సరము మనకందరికి జ్ఞాపకమే. ఆ యేడు దేశమంతట వానలు తప్పి కరవు సంవత్సరమని లెక్కింపబడెను. సెప్టెంబరు చివరి దినములలో ఆకాశము తెరవబడెను. అక్టోబరు 2వ తేదీన కర్నూలు పట్టణము మునిగెను, మంత్రాలయము మునిగెను, ఆలంపురము ప్రాంతము మునిగెను. సుమారు 19 లక్షల క్యూసెక్కుల వరదకు సరిపడునట్లు లెక్కవేసి కట్టిన శ్రీశైలము మీదికి 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి, మట్టము 896 అడుగులు దాటెను. ఆ రాత్రులు ఆనకట్ట నిలుచునా యని రాష్ట్రమంతయు ఊపిరి బిగబట్టి చూచెను. దేవుని కృపచేత అది నిలిచెను.

ఆ దినములలో కొందరు, "ఆ పట్టణస్థుల పాపము పండినది" అని పలికిరి. ప్రియులారా, లూకా 13వ అధ్యాయము తెరవుడి. సిలోయములో గోపురము పడి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు తేటగా చెప్పెను. వినుచున్న వారినే మారుమనస్సునకు పిలిచెను. వేలు చూపుటకు ఆయన మనకు సెలవియ్యలేదు.

మారుమనస్సు దేని విషయము? లోకమంతట బొగ్గును, చమురును విస్తారముగా కాల్చుటవలన గాలి వేడెక్కుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కిన, అది నూటికి సుమారు 7 పాళ్లు ఎక్కువ తేమను మోయగలదు. కాబట్టి ఎండినప్పుడు మిక్కుటముగా ఎండును. కురిసినప్పుడు కుండపోతగా కురియును. 2024వ సంవత్సరము మనుష్యులు కొలతలు వ్రాసియుంచిన సంవత్సరములన్నిటిలో అతి వేడి గలదని తేలెను. 2009 వరదకు ఇదొక్కటే కారణమని మేము చెప్పము. అయితే అట్టి దినములు ఇకమీదట మరి తరచుగా రాగలవని తెలిసినప్పుడు, నోవహువలె ముందుగా సిద్ధపడుట విశ్వాసమే. జలప్రళయముచేత భూమిని మరల నాశనము చేయనని దేవుడు నిబంధన చేసెను, నిజమే. కొండలమీది అడవిని నరికి, వాగు కడుపులో ఇండ్లు కట్టి, ఆ నిబంధనను అడ్డము పెట్టుకొనుడని ఆయన చెప్పలేదు. నల్లమల కొండలమీది మట్టియు, పైనుండి కొట్టుకొని వచ్చిన మట్టియు చేరి, మొదట 308 టీఎంసీలు పట్టిన జలాశయము ఇప్పుడు 215 టీఎంసీల దరిదాపున మాత్రమే పట్టుచున్నది. ఊళ్లు ముంచి సంపాదించిన చోటును మట్టికి విడిచితిమి!

మరియొక సంగతి. పొగ ఎక్కువగా విడుచువారు ఒకరు, మునుగువారు వేరొకరు. వరద వచ్చునప్పుడు మొదట మునుగునది పల్లము. పల్లములో నివసించువాడు పేదవాడు. వరద పోయిన తరువాత, "ఇది అపాయస్థలము, లేచిపొండు" అని మొదట వినువాడును వాడే. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనుబెట్టుకొనెను. ఆ నదీ తీరమును బాగుచేయు పథకము క్రింద 2024లో ఏటిలోని ఇండ్లకు గుర్తులు వేసి, కొన్ని కుటుంబములను ప్రభుత్వము కట్టిన రెండు పడకగదుల ఇండ్లకు తరలించిరి. గట్టి గోడ, గట్టి కప్పు మంచివే. అయితే నాలుగిండ్లలో పాచిపని చేసికొను తల్లికి ఆ నాలుగిండ్లు దూరమైన, ఆ గట్టి కప్పు క్రింద పొయ్యి ఎట్లు వెలుగును? గోదావరి మీద పోలవరము కొరకు లక్ష కుటుంబములకు పైగా నిర్వాసితులగుదురని ప్రభుత్వపు లెక్క. వారిలో కోయలు, కొండరెడ్లు అనేకులు. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు అక్కడి గ్రామములు పునరావాసము పూర్తికాకమునుపే నీటిలో మునిగెను. శ్రీశైలములో జరిగినది వారి దృష్టికి ముందే ఉన్నది. దానినుండి నేర్చుకొనవలసినవారు అందరును నేర్చుకొనలేదు.

మూడవది: మన పానార్పణము ఏది?

దావీదు నీళ్లు పారబోసెను. మనము కాలువ నీళ్లు పారబోయలేము. పారబోయుట పాపము కూడను. అయితే వెల తెలిసిన తరువాత అలవాటు చొప్పున త్రాగి మూతి తుడుచుకొనుటయు పాపమే. మరి మనము ఏమి పోయవలెను?

ఈ స్థలమున మేము ఒక తప్పు ఒప్పుకొనవలెను. అది ప్రభుత్వము తప్పు కాదు, సంఘము తప్పు. చాల సంవత్సరముల క్రిందట మన సంఘములలో ఒకదానికి ముంపు గ్రామమునుండి ఒక కుటుంబము వచ్చి చేరెను. వారు ఆదివారము తప్పక వచ్చిరి, కానుక వేసిరి, మందిరము అలికిరి. వారి ఇంటి పెద్ద మరణించినప్పుడు, సమాధుల దొడ్డిలో చోటడుగగా, "మీరు ఈ ఊరివారు కారు గదా, మీ ఊరి దొడ్డిలో పెట్టుకొనుడి" అని కొందరు పెద్దలు పలికిరి. వారి ఊరి సమాధుల దొడ్డి నూరడుగుల నీటి క్రింద నుండెను. ఆ దినమున శవమును ఇంటి ముందర పెట్టుకొని వారు సాయంకాలము వరకు కూర్చుండిరి. చివరకు కంచె ప్రక్కన ఒక మూల చూపిరి. మేమును అక్కడ ఉంటిమి. గట్టిగా మాటలాడవలసిన వేళ మెల్లగా మాటలాడితిమి.

ఆదికాండము 23వ అధ్యాయములో శారా మరణించినప్పుడు అబ్రాహాము పరదేశిగా హేతు కుమారుల యెదుట నిలిచి సమాధికి చోటడిగెను. దేవుని ఎరుగని ఆ జనులు, మా సమాధులలో శ్రేష్ఠమైనది తీసికొమ్మని ఉత్తరమిచ్చిరి. తీర్పు దినమున హేతు కుమారులు లేచి మనమీద నేరము మోపరా?

కాబట్టి, ప్రియులారా, మన పానార్పణము ఇది.

జ్ఞాపకము పోయుదము. ప్రతి సంఘములో ముంపు గ్రామములనుండి వచ్చిన కుటుంబములు ఏవో, వారి ఊళ్ల పేర్లేవో సంఘపు రిజిస్టరులో వ్రాయుదము. ఆ ముసలివారు బ్రదికియుండగానే వారి సాక్ష్యము యౌవనస్థులు విని వ్రాసికొనవలెను. కోత పండుగనాడు కంకులు తెచ్చి పెట్టునప్పుడు ఆ ఊళ్ల పేర్లు మందిరములో చదువుదము. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలము ఎడమగట్టు విద్యుత్కేంద్రములో అగ్ని లేచి తొమ్మిదిమంది మరణించిరి. దీపము వెలిగించునప్పుడు వారిని, వారి బిడ్డలను ప్రార్థనలో తలంచుదము.

న్యాయము పోయుదము. 2014 జనవరి 1 నుండి అమలులోనున్న క్రొత్త భూసేకరణ చట్టము భూమిలేని కూలికిని, కౌలుదారునకును కూడ పునరావాసమున పాలున్నదని చెప్పుచున్నది; ప్రజల మాట వినవలెనని చెప్పుచున్నది. చట్టము పుస్తకములోనున్న లాభమేమి? మన సంఘములో చదువుకొనిన యౌవనస్థులు విధవరాండ్రకు, నిరక్షరులకు దరఖాస్తులు వ్రాసిపెట్టవలెను. గ్రామసభ జరుగునాడు వెనుక చెట్టుక్రింద నిలువక ముందర కూర్చుండవలెను. జాబితా చదువునప్పుడు మన పేరున్నదా యని మాత్రమే చూడక, ప్రక్క గుడిసె పేరున్నదా యని చూడవలెను.

చోటు పోయుదము. మన ఊరి చివర క్రొత్తగా వెలసిన కాలనీలోని వారిని "వలసవచ్చినవారు" అని పిలుచుట మానుదము. పెద్దల కమిటీలో, స్త్రీల సమాజములో, సమాధుల దొడ్డిలో వారికి మధ్యస్థలములో చోటిత్తము.

నీళ్లు పొదుపు చేయుదము. కాలువ మొదటనున్నవాడు మడి నిండి పొర్లనిచ్చిన, చివరనున్నవాని నారు ఎండును. ఎవరి ఇల్లు ముంచి తెచ్చిన నీళ్లో తెలిసినవాడు వాటిని రాత్రంతయు డొంకలోనికి పోనియ్యడు. గట్లమీద వేప, కానుగ నాటుదము. వరిగడ్డి తగులబెట్టుట మానుదము. ఇవి చిన్నవే. ముగ్గురు వీరులు తెచ్చినదియు కొద్దిపాటి నీరే.

ఆ వృద్ధురాలిని మేము తిరుగు ప్రయాణములో అడిగితిమి: అమ్మా, నీకు కోపము లేదా యని. ఆమె కొంతసేపు కిటికీలోనుండి పచ్చని మళ్లవైపు చూచి, "పంటలు సూస్తే సంతోసమే అయ్యగారూ. మా ఊరు ఉండెనని ఒకరన్నా అనుకుంటే సాలు" అనెను.

నక్కలకు బొరియలును పక్షులకు గూళ్లును ఉండగా, తలవాల్చుకొనుటకు చోటులేని ప్రభువును మనము సేవించుచున్నాము. ఆయన సత్రములో చోటు దొరకని బిడ్డ; ఐగుప్తునకు పారిపోయిన బిడ్డ. ఇల్లు కోల్పోయినవాని ప్రక్కన ఆయన మనకంటె ముందుగానే కూర్చుండియున్నాడు. ఆయన దాహమునకు మనము ఏమి తెత్తుము?

ప్రార్థింతము: మా పరలోకపు తండ్రీ, నీవు మా నేలకు పంపుచున్న నీటికొరకు నీకు స్తోత్రము. దాని వెల చెల్లించినవారిని మేము మరచితిమి, క్షమించుము. మునిగిన ఊళ్లవారికి నిలకడయైన స్థలమిమ్ము. ఇంకను లేచిపోవలసియున్న వారికి న్యాయము కలుగజేయుము. పరదేశి అడుగకమునుపే చోటిచ్చు హృదయము మా సంఘములకు దయచేయుము. నీ కుమారుడైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.